అప్‌డేట్ కొడితే ఫోన్ పోతుందా? సర్వీస్ కౌంటర్ దగ్గర వినే అపోహలు, వాస్తవాలు

మొబైల్ రిపేరు షాపులో కూర్చుంటే తరచూ వినబడే మాట: "నిన్నటిదాకా బాగానే ఉందన్నా, అప్‌డేట్ కొట్టాను, అంతే!" ఫోన్ కిందపడిన సంగతి మనం రెండోసారి అడిగితే బయటికొస్తుంది, వానలో తడిసిన సంగతి మూడోసారికి. అలాగని తప్పంతా కస్టమర్‌దే అనలేం. కంపెనీలు ఈ అనుమానానికి చోటిచ్చాయి.

అపోహ: కొత్త ఫోన్ కొనిపించడానికే అప్‌డేట్‌తో పాతదాన్ని స్లో చేస్తారు

ఈ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 2017 జనవరిలో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 10.2.1లో ఆపిల్ ఒక ఏర్పాటు పెట్టింది. ఐఫోన్ 6, 6ఎస్ లాంటి మోడళ్లలో బ్యాటరీ పాతబడితే ప్రాసెసర్ వేగం దానంతటదే తగ్గుతుంది. వాడేవాళ్లకు సరిగ్గా చెప్పలేదు. ఆ డిసెంబర్‌లో గుట్టు బయటపడ్డాక క్షమాపణ చెప్పి, అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2020లో ఫ్రాన్స్ ఇదే విషయంపై 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది.

అయితే సాంకేతికంగా అందులో అర్థం ఉంది. అరిగిపోయిన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు. కెమెరానో గేమో తెరవగానే, ఛార్జింగ్ ఉండగానే ఫోన్ ఆఫ్ అయిపోతుంది. అది జరగకుండా వేగం తగ్గించారు. బ్యాటరీ మారిస్తే వేగం తిరిగొచ్చేది. నా దృష్టిలో వాళ్ల తప్పల్లా చెప్పకపోవడమే. 2018లో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ హెల్త్ చూసుకునే పేజీ ఇచ్చారు. పాత ఐఫోన్ స్లో అయిందంటే నేను మొదట తెరిచేది ఆ పేజీనే.

ఆండ్రాయిడ్ అయితే ముందు స్టోరేజీ చూస్తాను. 64 జీబీ ఫోన్‌లో వాట్సాప్ గుడ్ మార్నింగ్‌లు, పెళ్లి వీడియోలు నిండిపోయి రెండు జీబీ కూడా మిగలకపోతే ఏ ఫోనైనా హ్యాంగ్ అవుతుంది. ఇంకోటి, పెద్ద అప్‌డేట్ తర్వాత ఫోన్ లోపల యాప్‌లన్నిటినీ మళ్లీ సర్దుకుంటుంది, ఫొటోలను మళ్లీ వెతికి పెట్టుకుంటుంది. ఆ ఒకటి రెండు రోజులు వేడెక్కడం, ఛార్జింగ్ త్వరగా దిగడం మామూలే. మూడో రోజు కూడా అలాగే ఉంటే తీసుకురండి.

అపోహ: అప్‌డేట్ వల్లే స్క్రీన్ మీద గ్రీన్ లైన్ పడింది

నా దగ్గర ఎక్కువ గొడవ జరిగేది దీని మీదే. అమోలెడ్ రకం తెర కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిసి వచ్చే సెట్టు) విప్పితే, అడుగు అంచున ఒక సన్నటి ఫ్లెక్స్ (వంగే) పట్టీ వెనక్కి మడిచి అతికించి ఉంటుంది. మైక్రోస్కోప్ కింద పెడితే దానిమీద వెంట్రుక కన్నా సన్నటి గీతలు కనిపిస్తాయి. తెరలోని నిలువు వరసలకు సిగ్నల్ వెళ్లేది వాటిగుండానే. ఆ దారిలో ఒక్కచోట అతుకు వదిలినా పైనుంచి కిందిదాకా ఆకుపచ్చ గీత పడుతుంది. కాబట్టి అది హార్డ్‌వేర్ లోపం.

మరి సరిగ్గా అప్‌డేట్ అయ్యాకే ఎందుకు కనిపిస్తుంది? అప్‌డేట్ ఎక్కేటప్పుడు ప్రాసెసర్ చాలాసేపు గట్టిగా పనిచేస్తుంది, చాలామంది అదే సమయంలో ఛార్జింగ్ కూడా పెడతారు. ఆ వేడికి అప్పటికే బలహీనంగా ఉన్న అతుకు వదిలిపోవచ్చు. అప్పుడు కస్టమర్ చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే ఆ అతుకు ఇంకో వేడి రోజున ఎలాగూ పోయేదే.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గీత కనిపిస్తుండగా స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోన్‌కి పంపండి. అందులో గీత లేకపోతే లోపం తెరదే. "సాఫ్ట్‌వేర్ కొడితే పోతుంది" అని డబ్బు అడిగేవాళ్లకి ఇవ్వకండి. మన దేశంలో కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు వారంటీ అయిపోయినా ఉచితంగా స్క్రీన్ మార్చాయి. కాంబో కొనేముందు వాళ్ల సర్వీస్ సెంటర్లో ఒకసారి అడగండి.

అపోహ: ర్యామ్ ఎక్స్‌టెన్షన్ ఆన్ చేస్తే 8+8, మొత్తం 16 జీబీ

కాదు. ర్యామ్ అంటే తెరిచిన యాప్‌లు నడిచే వేగవంతమైన మెమరీ. ఎక్స్‌టెన్షన్ అంటే స్టోరేజీలో కొంత పక్కకు తీసి ర్యామ్‌లా వాడుకోవడం. స్టోరేజీకి ర్యామ్ వేగంలో పదో వంతు కూడా ఉండదు. వెనక తెరిచి ఉంచిన యాప్ ఒకటో రెండో మూతపడకుండా ఉంటాయేమో, గేమ్ మాత్రం పరుగెత్తదు.

అపోహ: అప్‌డేట్ చేస్తే కొత్త ఫీచర్లన్నీ వస్తాయి

లోపల సరుకుంటేనే వస్తాయి. మన దగ్గర ఐఫోన్ 12, ఆపై మోడళ్లలో 5జీ పనిచేయడం 2022 డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2 వచ్చాకే మొదలైంది. 5జీ సిగ్నల్ అందుకునే మోడెమ్ ముందునుంచీ ఉంది, అప్‌డేట్ తాళం తీసింది. 4జీ ఫోన్‌కి ఎన్ని అప్‌డేట్లు వచ్చినా 5జీ రాదు. ఏఐ సంగతీ అంతే. ఐఫోన్ 15కి ఐఓఎస్ 18 వచ్చింది, ఆపిల్ ఏఐ ఫీచర్లు, అంటే ఆపిల్ ఇంటెలిజెన్స్, మాత్రం ఆ సిరీస్‌లో 15 ప్రో మోడళ్లకే దక్కాయి.

అపోహ: కొత్త ఫీచర్లు నాకెందుకు, అందుకే అప్‌డేట్ చేయను

ఫీచర్ల అప్‌డేట్ వేరు, భద్రతా లోపాలను పూడ్చే సెక్యూరిటీ ప్యాచ్ వేరు. మొదటిది పది రోజులు ఆగి, నలుగురి అనుభవం విని చేసినా నష్టం లేదు. నేనూ అదే చెబుతాను. ఎక్కించాక పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం చాలా ఫోన్లలో కుదరదు కూడా. రెండోది మాత్రం ఆపకూడదు. 2017 మేలో విండోస్ కంప్యూటర్ల మీద పడిన వాన్నాక్రై వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. ఎక్కించుకోనివాళ్ల ఫైళ్లకు తాళాలు పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి.

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో "సెక్యూరిటీ అప్‌డేట్" లేదా "ప్యాచ్" పక్కన తేదీ ఉంటుంది. అది ఏడాది వెనక ఉంటే, ఆ ఫోన్‌లో బ్యాంకు యాప్ పెట్టుకోవద్దనే నా సలహా. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నారు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అంతకాలం రావు, కొనేటప్పుడే అడగండి.

ఫోన్ అప్‌డేట్ వచ్చేది సెట్టింగ్స్‌లోంచే. వాట్సాప్‌లో "అప్‌డేట్" అనో, పీఎం కిసాన్, ఆర్టీఓ చలాన్ పేరుతోనో ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వస్తే ఎవరు పంపినా తెరవొద్దు, అది మెసేజ్‌లు, ఓటీపీలు దొంగిలించే సరుకు. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసేసి ఉంటే ముందు ఫోన్‌లో నెట్ ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా బ్లాక్ చేయించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.