రాత్రి టీ చోటులో నిమ్మగడ్డి

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నాడు, "రాత్రి పదకొండింటికి టీ పడితేగానీ చదువు సాగట్లేదు అమ్మమ్మా, పడుకుంటేనేమో నిద్ర రాదు, గుండె దడదడలాడుతుంది" అన్నాడు. ఆఫీసు ఒత్తిడికి తనకీ అదే మందని పెద్దది వెనకనుంచి వంత పాడింది. ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ నిద్ర సంగతి. మెలకువగా ఉన్నకొద్దీ మన మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ, ఇక పడుకోమని చెబుతుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ దాని చోట్లో కూర్చుని ఆ కబురు అందనివ్వదు. అలసట అలాగే ఉంటుంది, మనకి తెలియదంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. పదకొండింటికి తాగింది తెల్లవారుజామున నాలుగింటికి కూడా సగం మిగిలే ఉంటుంది. నిద్ర చాలక మర్నాడు చిన్న మాటకే చిరాకు, ఆ చిరాక్కి మళ్ళీ టీ.

తులసి, నిమ్మగడ్డి, అల్లం, పుదీనా, ధనియాలు... వీటిలో కెఫీన్ లేదు. రాత్రి టీ చోటులోకి ఇవి రావడమే మీకు మొదటి మేలు. తులసితో ఆందోళన కాస్త తగ్గిందని కొన్ని పరిశోధనల్లో తేలింది గానీ, అవి చిన్నవి. తులసి నీళ్ళు తాగితే దిగులు మాయమవుతుందని నేను చెప్పను.

నేనెలా చేస్తానో చెప్తాను. గ్లాసుడు నీళ్ళు మరిగాక స్టవ్ ఆపేస్తాను. నిమ్మగడ్డి రెండాకులు కత్తెరతో ముక్కలు చేసి, అయిదారు తులసాకులు చేత్తో తుంచి, వేసిన వెంటనే మూత పెట్టేస్తాను. ఏడెనిమిది నిమిషాలయ్యాక మూత తీసి లోపలివైపు చూడండి, చెమట పట్టినట్టు బొట్లుంటాయి. ఒకటి వేలికి తీసుకుని వాసన చూడండి, నిమ్మతొక్క గిల్లినట్టుంటుంది. నిమ్మగడ్డిలోనూ, నిమ్మతొక్కలోనూ ఉండేది సిట్రాల్ అనే వాసన పదార్థమే మరి. ఆకులోని తైలం ఆవిరితో లేచి మూతకి అంటుకుంటుంది. మూత లేకుండా మరిగిస్తే వాసనంతా వంటింటి పాలే. ఆ బొట్లు గ్లాసులోకే ఒంపుకోండి.

ఆ ఏడెనిమిది నిమిషాలూ ఫోను పక్కగదిలో పెట్టండి. సగం మేలు అక్కడే జరుగుతుందని నా నమ్మకం. మీ తాతయ్య పోయిన ఏడాది, నిద్రపట్టని రాత్రుల్లో పొయ్యి దగ్గర నిలబడి ఆ మూత వంకే చూస్తుండేదాన్ని. ఏడుపు ఆగేది కాదు గానీ, ఊపిరి నెమ్మదించేది.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. చామంతి టీ అని అమ్మేది చామొమైల్ అనే వేరే మొక్క పువ్వు. పూజకి తెచ్చిన చామంతులు మరిగించకండి, వాటిమీద ఏ మందులు కొట్టారో ఏమో. మందార టీ పేరుతో వచ్చే ఎర్రటిది చాలావరకు మన గోంగూర మొక్క కాయల చుట్టూ ఉండే తొడుగే. ఈజిప్టులో కర్కదే అంటారు. అది బీపీని కొంచెం తగ్గిస్తుంది, కాబట్టి బీపీ మాత్రలు వేసుకునే మీ అమ్మ డాక్టర్ని అడిగాకే తాగాలి. అతిమధురం దీనికి వ్యతిరేకంగా, ఎక్కువగా వాడితే బీపీ పెంచుతుంది.

రెండు వారాలు దాటినా నిద్ర రాకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా కషాయాలతో సరిపెట్టుకోకండి. నాకు చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ అని ప్రభుత్వం పెట్టిన నంబరుంది, 14416. ఏ వేళప్పుడైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే.

పెరట్లో నిమ్మగడ్డి దుబ్బు నుంచి రెండు పిలకలు విడదీసి డబ్బాల్లో పెట్టాను, వేరు పట్టాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు చెరొకటి పట్టుకెళ్ళండి. ఎండ తగిలే బాల్కనీలో పెట్టాలి. ఆకు అంచులు కోసుకుంటాయి, చేత్తో లాగకండి.

మీ అమ్మమ్మ