వాకీటాకీ లైసెన్సుకు మూలం పాటల రేడియో

వాకీటాకీలు అమ్ముతున్న 13 ఈ-కామర్స్ సంస్థలకు 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులు ఇచ్చింది. సెట్టు ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్సు కావాలో వద్దో చెప్పకుండా అమ్ముతున్నారన్నది అభియోగం. పెళ్లి పందిట్లో క్యాటరింగ్ వాళ్లు మాట్లాడుకునే సెట్టుకి కూడా లైసెన్సా అనిపించడం సహజం. ఈ కట్టుబాటు పుట్టింది మాత్రం పాటలు వినే రేడియో కోసం.

1927 జులైలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయి నుంచి ప్రసారాలు మొదలుపెట్టింది. శ్రోతలు ఏటా 10 రూపాయల లైసెన్సు ఫీజు కట్టాలి, అందులో వాటాయే కంపెనీకి ముఖ్యమైన ఆధారం. కట్టకుండా వినేవాళ్లు బోలెడుమంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద, ఊరికే సెట్టు ఇంట్లో ఉంచుకున్నందుకు ఎవరినీ శిక్షించలేరు. మూడేళ్లు తిరక్కుండానే కంపెనీ మూతపడింది. ఆ చేదు అనుభవం తర్వాత వచ్చిందే 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. 1934 జనవరి 1 నుంచి లైసెన్సు లేని వైర్‌లెస్ సెట్టు దగ్గరుంచుకోవడమే నేరమైంది. మొదటి తప్పుకి జరిమానా 100 రూపాయల వరకు. అదే సంకేతాలు పంపే ట్రాన్స్‌మీటర్ అయితే మూడేళ్ల వరకు జైలు అని ఆ తర్వాత చేర్చారు. వాకీటాకీ ఈ రెండో గాటన పడింది.

పోస్టాఫీసులో రేడియో లైసెన్సు పుస్తకం మీద స్టాంపు వేయించుకునే పద్ధతి 1980లలో పోయింది. దాంతో రేడియోకి లైసెన్సు ఉంటుందన్న సంగతే జనం మరిచిపోయారు. మాట్లాడే సెట్లకు మాత్రం అది అలాగే ఉండిపోయింది. దానికి సరైన కారణమే ఉంది: పోలీసులు, అంబులెన్సులు వాడే ఫ్రీక్వెన్సీలో ఇంకొకరు దూరితే అసలు మాట వినపడదు. ఎవరికి ఏ ఫ్రీక్వెన్సీ ఇవ్వాలో 1952లో ఏర్పడిన ప్రభుత్వ విభాగం, వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ వింగ్ చూస్తుంది.

సడలింపులు ఆలస్యంగా, ఆచితూచి వచ్చాయి. 2005లో 27 మెగాహెర్ట్జ్ దగ్గరి సిటిజన్ బ్యాండ్‌కు (సామాన్యులు వాడుకునే ఫ్రీక్వెన్సీ పట్టీకి) 5 వాట్ల వరకు లైసెన్సు తీసేశారు. 2018లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు అర వాటు సెట్లకు అనుమతిచ్చారు. పరికరానికి ప్రభుత్వ ఆమోదం మాత్రం ఉండాల్సిందే. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. మినహాయింపు దక్కింది ఆ సన్నని పట్టీలకి, ఆ కొద్దిపాటి పవర్‌కి. కొందరు అమ్మకందార్లేమో ఏ సెట్టుకైనా ‘లైసెన్సు అక్కర్లేదు’ అని రాసేశారు. 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ వరకు ఎక్కడికైనా తిప్పుకోగల 5 వాట్ల సెట్టుకి ఆ మాట వర్తించదు.

2025 మే 30న వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫ్రీక్వెన్సీ, లైసెన్సు, ఆమోదం వివరాలు అమ్మకం పేజీలోనే చూపాలి. ఈ భారం అమ్మేవాళ్లది. ‘లైసెన్సు అక్కర్లేదు’ అన్న రాతలు నమ్మి ఇప్పటికే కొన్నవాళ్లు మాత్రం తమ సెట్టు ఏ ఫ్రీక్వెన్సీలో, ఎన్ని వాట్లతో పనిచేస్తుందో స్వయంగా చూసుకోవాల్సిందే.