ఆటలాడిస్తే గ్రామర్ రాదా? అపోహలు - వాస్తవాలు

"టెన్త్ పిల్లలకు గ్రామర్ ఆటలతో చెప్తే పబ్లిక్‌లో మార్కులు పోతాయి." కడపలో ఏ పేరెంట్స్ మీటింగ్ పెట్టినా ఈ మాట తప్పదు. మొన్న ఒకామె నేరుగానే అడిగేసింది: "మేడం, మీరు ఆటలాడిచ్చా ఉంటే మావోనికి మార్కులు యాడొచ్చాయి?" ఆమె టెన్షన్‌లో తప్పేం లేదు. పేపర్లో గ్రామర్, వొకాబులరీకే 40 మార్కులు. అందుకే కూలి డబ్బుల్లోంచి ట్యూషన్‌కు కడుతోంది. ట్యూషన్లో వాడికి రిపోర్టెడ్ స్పీచ్‌కు, అంటే ఒకరన్న మాటను ఇంకొకరికి చెప్పేటప్పుడు వాక్యం మార్చడానికి, ఒక పట్టిక ఇచ్చారు: విల్ ఉంటే వుడ్, టుమారో ఉంటే ద నెక్స్ట్ డే. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాడు.

పరీక్షలో మాత్రం 'రవి సెడ్, "ఐ విల్ కమ్ టుమారో"' అన్నదాన్ని మార్చమంటే 'రవి సెడ్ దట్ ఐ వుడ్ కమ్ ద నెక్స్ట్ డే' అని రాశాడు. పట్టికలో ఉన్నవన్నీ మారాయి, 'ఐ' అట్లే ఉంది. వాడికి మార్చాలని ఎందుకు తోస్తుంది? తెలుగులో "రేపు నేను వస్తానని రవి చెప్పాడు" అన్నప్పుడు వచ్చేది రవేనని మనకు తెలుసు. ఇంగ్లిష్‌లో దట్ పెట్టాక ఆ 'ఐ' కబురు చెప్పేవాడిదైపోతుంది.

దీనికి నేను కబురాట ఆడిస్తాను. ముగ్గురు పిల్లలు. వరండాలో ఒకడు రెండోవాడితో "ఐ విల్ బ్రింగ్ యువర్ సైకిల్ టుమారో" అంటాడు. రెండోవాడు లోపలికొచ్చి మూడోవాడికి ఇంగ్లిష్‌లోనే చేరవేయాలి. తెచ్చేదెవరో, సైకిల్ ఎవరిదో మూడోవాడు బోర్డు మీద రాయాలి. "హి సెడ్ దట్ ఐ విల్ బ్రింగ్ యువర్ సైకిల్" అని వినగానే వాడు కబురు తెచ్చినవాడి పేరే రాసి, సైకిల్ తనదనుకుంటాడు. "నేను కాదురా, వాడు! సైకిల్ నాది!" అని గొడవ. ఆ గొడవలోనే 'హి', 'మై' బయటికొస్తాయి. రూల్ బోర్డెక్కేది అప్పుడు. వెంటనే పబ్లిక్ మోడల్ వాక్యాలు, నోటుబుక్కులో, నోరు మూసుకుని.

ఆ గ్రామర్ లేకపోతే ఆట ముందుకు పోకూడదు. తప్పు వాక్యంతో కూడా గెలిచే ఆటైతే గేమ్స్ పీరియడ్‌లో ఆడుకోనీండి.

మీటింగ్‌లో అడిగిన ఆ తల్లిని ట్యూషన్ మాన్పించమనలేదు. మేనమామ ఫోన్లో ఏమన్నాడో రాత్రి వాడి చేత వాళ్లక్కకు ఇంగ్లిష్‌లో చెప్పించమన్నాను. అక్క ఇంటర్, తప్పు పట్టడానికి కాచుకొని ఉంటుంది.

ఇక మిగతా అపోహలు. అరవై మంది క్లాసులో కుదరదంటారు. బెంచీకి ముగ్గురు, కూర్చున్నచోటే కుదురుతుంది. గోల ఉంటుంది, పక్క క్లాసు సార్‌కు ముందే చెప్పుకోండి. ప్రొజెక్టర్ అక్కర్లేదు, పాత క్యాలెండర్ చింపితే బోలెడు చీటీలు. తెలుగు నోట రాకూడదా? పై గొడవంతా తెలుగులోనే కదా జరిగింది! తప్పు దొర్లగానే దిద్దకండి, మాట్లాడటమే మానేస్తారు. రాసిపెట్టుకుని ఆట అయ్యాక, ఎవరి తప్పో చెప్పకుండా బోర్డు మీద దిద్దండి.

'ఈసారి రిపోర్టెడ్ స్పీచ్ రాదంట' అని వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది. ఎవరన్నారంటే జవాబుండదు. దాన్ని నాకు మాత్రం ఫార్వర్డ్ చేయకండి.