కాలువా, వరుసా: అయాన్ చానెళ్ల గణితం నడిచిన దారి

కణ త్వచంలోని సన్నని ప్రోటీన్ రంధ్రం, అంటే అయాన్ చానెల్, గుండా సోడియం, పొటాషియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) ఎలా సాగుతాయో లెక్కగట్టాలంటే, వాటిని కాలువలో నీటిలా ఎడతెగని ప్రవాహంగా చూడాలా, లేక ఒకదాని వెనుక ఒకటిగా నిలిచిన విడి రేణువులుగా చూడాలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ రంగంలోని చాలా వాదాలకు మూలం ఇదే.

1890 ప్రాంతంలో జర్మనీలో వాల్టర్ నెర్న్‌స్ట్, మాక్స్ ప్లాంక్ సమీకరణాలు రాసినప్పుడు వారి దృష్టి జీవకణం మీద లేదు, లవణ ద్రావణాల మీదే ఉంది. గాఢతలో తేడా వల్ల జరిగే విసరణను, విద్యుత్ క్షేత్రం వల్ల కలిగే కదలికను ఆ సమీకరణం ఒకటిగా కలిపింది. 1902లో యూలియస్ బెర్న్‌స్టైన్ ఈ ఆలోచనను నాడికి వర్తింపజేశాడు. 1943లో డేవిడ్ గోల్డ్‌మన్ త్వచం లోపల క్షేత్రం అంతటా సమానమేనని ఊహించి లెక్కను తేలిక చేశాడు.

అసలు మలుపు 1952లో వచ్చింది. స్క్విడ్ శరీరంలోని లావుపాటి నాడీ తంతువు మీద ప్లిమత్‌లో చేసిన కొలతల ఆధారంగా అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ నాలుగు అవకలన సమీకరణాలు నిలబెట్టారు. కేంబ్రిడ్జిలోని కంప్యూటర్ అప్పటికి అందుబాటులో లేకపోవడంతో హక్స్‌లీ చేత్తో తిప్పే బ్రున్స్‌విగా యంత్రం మీదే వాటిని సాధించాడు. 18.5 డిగ్రీల వద్ద నాడీ సంకేతం సెకనుకు 18.8 మీటర్ల వేగంతో పోతుందని లెక్కలో తేలింది. కొలతలో వచ్చింది 21.2 మీటర్లు. పొటాషియం వాహకత్వానికి (త్వచం ఆ అయాన్లను ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే కొలతకు) వారు వాడిన నాలుగో ఘాతం బదులు అయిదో, ఆరో ఘాతం వాడితే లెక్క ఇంకాస్త బాగా కుదిరేదని, కానీ ఆ మెరుగుదలకు అంత శ్రమ దండగని వారే రాసుకున్నారు. సమీకరణాలు కుదిరినంత మాత్రాన యంత్రాంగం రుజువైనట్టు కాదన్న హెచ్చరికా వారిదే. తర్వాతి పాఠ్యపుస్తకాలు ఈ జాగ్రత్తను అంతగా పట్టించుకోలేదు.

కాలువ ఊహకు తొలి దెబ్బ కూడా హాడ్జ్‌కిన్ చేతి నుంచే తగిలింది. 1955లో ఆయన, రిచర్డ్ కీన్స్ కలిసి పొటాషియం లోపలికీ బయటికీ పోయే నిష్పత్తిని కొలిస్తే, అయాన్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదులుతున్నాయనే ఊహకు అది పొసగలేదు. ఇరుకు దారిలో రెండు మూడు అయాన్లు వరుసకట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పోతున్నాయని వారు భావించారు. సన్నని సందుతో కలిపిన రెండు గదుల్లో గోళీలను కుదిపి ఆ సంగతి చూపించారు కూడా. 1976లో ఎర్విన్ నెహెర్, బెర్ట్ సాక్‌మన్ ఒక్కొక్క చానెల్ విద్యుత్తును విడిగా కొలిచారు. అది పికోఆంపియర్లలో (ఆంపియర్‌లో లక్ష కోట్లవ వంతుల్లో) ఉంటుంది. ఒక పికోఆంపియర్ అంటేనే సెకనుకు సుమారు 60 లక్షల అయాన్లు. 1952 నాటి నునుపైన వాహకత్వ రేఖలన్నీ ఠక్కున తెరుచుకుని మూసుకునే వేల చానెళ్ల సగటు మాత్రమేనని తేలిపోయింది.

1998లో రాడెరిక్ మెకినన్ బృందం ఒక బాక్టీరియా పొటాషియం చానెల్ నిర్మాణాన్ని వెల్లడించడంతో ఆ వరుస కంటికి కనిపించింది. అయాన్లను ఎంచి పంపే ఇరుకు భాగం పొడవు 12 ఆంగ్‌స్ట్రాములే (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). ఒక అయాన్ విద్యుత్ ప్రభావాన్ని చుట్టూ ఉన్న ద్రావణం మరుగుపరచే దూరమే శరీర ద్రవాల్లో సుమారు 8 ఆంగ్‌స్ట్రాములు. వెడల్పులో దానికంటే ఎంతో సన్నని రంధ్రంలో ‘సగటు గాఢత’ అనే మాటకు పెద్దగా అర్థం మిగలదు. 2000లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో షిన్-హో చుంగ్ బృందం పాత ప్రవాహ సమీకరణాలను నీటి అణువుల తాకిడికి అటూ ఇటూ చెదిరే ఒక్కో అయాన్‌ను వెంబడించే బ్రౌనియన్ గణనతో పోల్చి, ఇరుకు చానెళ్లలో అవి తప్పుతున్నాయని చూపింది. అయినా వెడల్పైన రంధ్రాలకు ఆ సమీకరణాలే చవక, వేగం.

పరమాణువులన్నిటినీ లెక్కలోకి తెచ్చే అణుగతి గణనలో ఒక్కో అడుగు సుమారు రెండు ఫెమ్టోసెకన్లు, ఒక అయాన్ దాటడానికి పట్టేది పది నానోసెకన్ల వరకు. ఒక నానోసెకనులో పది లక్షల ఫెమ్టోసెకన్లు, అంటే ఒక్క అయాన్ కోసం అరకోటి అడుగులు. ఇంత చేసినా వివాదం తీరలేదు. వరుసలోని పొటాషియం అయాన్ల మధ్య నీటి అణువులు ఉంటాయన్న పాత నమ్మకానికి ఎదురుగా, అవి నేరుగా ఒకదాన్నొకటి తాకుతూ సాగుతాయని 2014లో గోటింగెన్ కేంద్రంగా జరిగిన గణన చెప్పింది. పరమాణువుల మధ్య బలాలకు ఏ సూత్రం వాడామన్న దానిమీద కూడా ఇక్కడ జవాబు ఆధారపడుతుంది కనుక, నీరు ఉందా లేదా అన్నది ఇంకా వాదంలోనే ఉంది.