చెప్పుల్లో ఇసుక

అనంతపురం

ప్రియమైన పిల్లలకు,

మొన్న సెలవుల్లో నా బల్ల సొరుగులో దొరికిన తెల్ల గోల్ఫ్ బంతి సంగతి మీరు అడిగితే ఏదో చెప్పి దాటేశాను. ఇంతలో రైల్వే తాత గుంతకల్లులో పెళ్లి భోజనాల దగ్గర ఆ కథంతా చెప్పేశాడట, అందులోకి పోలీసుల్ని, నాలుగు కుక్కల్ని కూడా తెచ్చాడట. కుక్క ఒక్కటే. పోలీసులు అసలు లేరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండేళ్ల కిందట జూన్‌లో నలుగురం స్కాట్లాండ్ వెళ్లాం కదా. నేను, రైల్వే తాత, బ్యాంకు తాత, కళ్యాణదుర్గం తాత. బ్యాంకు తాత కొడుకు ఉండేది సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో. మూడో రోజు రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. ఎట్లా పడుతుంది? అక్కడ పొద్దుగూకేదే రాత్రి పది గంటలకు. పదకొండైనా కిటికీలో ఇంకా వెలుతురే.

ఫిజిక్స్ పంతుల్ని, ఎందుకో చెప్పకుండా ముందుకు పోలేను. మనం భూమధ్యరేఖకు 14 డిగ్రీల పైన ఉన్నాం, ఆ ఊరు 56 డిగ్రీల పైన. జూన్‌లో మన దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోయి, నడిరాత్రికి నేల అంచు కింద యాభై డిగ్రీలకు పైగా లోతులో ఉంటాడు. అక్కడ ఏటవాలుగా జారుతాడు, ఎంత దిగినా పది పన్నెండు డిగ్రీలు దిగితే ఎక్కువ. పడుకోమంటే తలుపు చాటు నుంచి తొంగిచూస్తారే మీరు, అట్లా.

ఇంటి వెనకే గోల్ఫ్ మైదానం. గ్యారేజీలో అబ్బాయి గోల్ఫ్ సంచీ. పైన అబ్బాయి గాఢనిద్రలో ఉన్నాడు. ఎవరు మొదలుపెట్టారంటే నలుగురం నలుగురి వైపూ చూపిస్తాం, అది వదిలేయండి. రెండు కర్రలు, మూడు బంతులు తీసుకున్నాం. తలుపు దగ్గర చీకట్లో ఎవరి కాలికి ఏ చెప్పులు దొరికితే అవి వేసుకుని, మంకీ క్యాపులు తగిలించుకుని బయటపడ్డాం.

మొదటి దెబ్బ రైల్వే తాతది. బిళ్ళంగోడులో ఆయన కొడితే బిళ్ళ రెండు వీధులు దాటేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. కర్ర గాల్లోకి లేచింది, ఊపు బ్రహ్మాండంగా ఉంది. బంతి మాత్రం ఉన్నచోటే ఉంది. దాని పక్కన నేలలోంచి అరచేయంత గడ్డి పెళ్ల లేచి బ్యాంకు తాత పొట్టకు తగిలింది. రెండో దెబ్బకు బంతి లేచింది. లేచి ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. కళ్యాణదుర్గం తాత ఆ పెళ్ల లేచిన చోట వంగి, మట్టి తీసి వేళ్లతో నలిపి, "ఏమప్పా, ఈ ఇసక నేలలో వేరుశనగ బుడ్డలు బాగా కాస్తాయి కదా, గడ్డి పెంచుతాండారేమి?" అన్నాడు. నవ్వు ఆపుకోలేక నేను కింద కూర్చున్నాను.

సొరుగులోని బంతి మీద గుంటలు చూశారా? మామూలుగా ఒక్కో బంతికి మూడు వందల నుంచి అయిదు వందల దాకా ఉంటాయి. నున్నని బంతి గాల్లో పోతుంటే గాలి దాని వెనక త్వరగా విడిపోయి, వెడల్పాటి సుడి ఏర్పడి వెనక్కి లాగుతుంది. గుంటలుంటే బంతిని అంటుకున్న గాలి పొర చిన్నచిన్న సుడులు తిరుగుతూ మరికాస్త దూరం బంతిని పట్టుకునే ఉంటుంది. వెనకాల సుడి సన్నబడుతుంది, లాగుడు తగ్గుతుంది. అదే దెబ్బకు నున్నని బంతి పోయేదానికి దాదాపు రెట్టింపు దూరం పోతుంది. దీన్ని ముందు కనిపెట్టింది శాస్త్రజ్ఞులు కాదు, ఆటగాళ్లు. 1848 ప్రాంతంలో గట్టాపెర్చా అనే చెట్టుపాలతో నున్నటి బంతులు వచ్చాయి. కొత్త బంతి కంటే దెబ్బలు తిని గీతలు పడిన పాత బంతే బాగా పోతోందని చూసి, కొత్తవాటిని సుత్తితో కొట్టి మరీ వాడారు. ఈ మాట క్లాసులో ఎన్నేళ్లు చెప్పానో. చేత్తో బంతి పట్టుకున్నది ఆ రాత్రే.

బంతిని చివరికి వేయాల్సిన గుంత దగ్గర గడ్డిని చాలా పొట్టిగా కోస్తారు, దాన్ని గ్రీన్ అంటారు. తివాచీ లాగే ఉంటుంది. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతి 43 లోపే. అక్కడ బలంతో పనిలేదు. కళ్యాణదుర్గం తాత కర్ర పక్కన పడేసి, మోకాళ్ల మీద వంగి, ఒక కన్ను మూసి, గోలీ కొట్టినట్టు మధ్యవేలితో బంతిని చిమ్మాడు. మూడు గజాల దూరం. టక్కుమని గుంతలో పడింది.

సరిగ్గా అప్పుడే టార్చి వెలిగింది, కుక్క మొరిగింది. రైల్వే తాత పక్కనున్న ఇసుక గుంతలో బోర్లా పడుకున్నాడు. అంత పెద్దమనిషి దాక్కుంటే ఎట్లుంటుందో ఊహించుకోండి, మంకీ క్యాపు పైకే కనిపిస్తోంది. కుక్క నేరుగా పోయి ఆ క్యాపును వాసన చూసింది.

వచ్చినాయన మాకంటే పెద్దవాడు. కోప్పడలేదు. వాళ్ల దేశంలో 2003లో చేసిన చట్టం ప్రకారం ఎవరైనా గోల్ఫ్ మైదానం మీదుగా నడిచి దాటొచ్చట. ఆడటానికి మాత్రం ఆ హక్కు లేదు, గ్రీన్ తొక్కే హక్కూ లేదు. అంటే మేము ఇంట్లోంచి వచ్చిన దారి వరకే సక్రమం, మిగతాదంతా తప్పే. 1457లోనే అక్కడి పార్లమెంటు గోల్ఫ్‌ను నిషేధించిందని కూడా చెప్పాడు. కుర్రాళ్లు విలువిద్య సాధన మానేసి ఈ ఆట మీద పడ్డారట. ఫోన్లు లేని కాలంలో కూడా పెద్దవాళ్లకు ఇదే బాధ అన్నమాట.

ఆ తర్వాత పని చేయించాడు. లేచిన గడ్డి పెళ్లను వెతికి తెచ్చి, అదే చోట పెట్టి, కాలితో అదిమి తొక్కాలి. అట్లా చేస్తే మళ్లీ వేళ్లూనుతుంది. ఇసుక గుంతను పళ్లకర్రతో చదును చేయాలి. ఆ పని రైల్వే తాతకు అప్పజెప్పాం, ఆయన ఆకారమంతా అందులో అచ్చుపడి ఉంది మరి. పొద్దున్నే వచ్చి ఆట రుసుం కట్టాలని చెప్పాడు. అక్కడ మనిషి లేడు, ఒక పెట్టె ఉంది, ఎవరి డబ్బులు వాళ్లే వేసి పోతారు. మేమూ వేశాం, నలుగురివీ. వెళ్లబోతూ కళ్యాణదుర్గం తాతను మాత్రం ఆపి, ఆ వేలితో ఇంకోసారి చిమ్మి చూపించమన్నాడు. రెండోసారి పడలేదు. ఆ తాత ఇప్పటికీ ఒప్పుకోడు, కుక్క అడ్డొచ్చిందంటాడు.

పొద్దున కాఫీ తాగుతుంటే అబ్బాయి ఆఫీసుకు తయారై కిందికి దిగాడు. తలుపు దగ్గర ఆగి, "నాన్నా, నా చెప్పుల్లో ఇంత ఇసుకెందుకుంది?" అన్నాడు. బ్యాంకు తాత పేపర్ ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు.

ఆ సొరుగు తాళం ఈసారి వచ్చినప్పుడు ఇస్తాను. బంతిని మిద్దె మీద మాత్రం కొట్టొద్దు, పక్కింటి అవ్వవాళ్ల వాటర్ ట్యాంకు అక్కడే ఉంది.

మీ
తాత