భయం ఆలస్యంగా వచ్చే నక్కలు

జూలో పుట్టిన పులికి జూలోనే పిల్లలు పుట్టి, వాటికి మళ్లీ అక్కడే పిల్లలు పుడుతూ ఓ ముప్ఫై తరాలు గడిస్తే, చివరికి అది పిల్లిలా మనిషి కాళ్ల చుట్టూ తిరుగుతుందా అని ఒక పాఠకుడు అడిగారు. తిరగదు. ఇంత గట్టిగా చెప్పే ధైర్యం నాకు పులి వల్ల రాలేదు, గినీ పిగ్ వల్ల వచ్చింది.

ఎలుకల వర్గానికి చెందిన గినీ పిగ్‌ని దక్షిణ అమెరికాలో మనుషులు కొన్ని వేల ఏళ్లుగా పెంచుతున్నారు. దాని అడవి బంధువు కేవీ ఇప్పటికీ ఆ ఖండంలోనే గడ్డి మైదానాల్లో బతుకుతోంది. జర్మనీలో నార్బర్ట్ జక్సర్ బృందం ఈ రెండింటి రక్తాన్నీ పోల్చి చూసింది. ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండింటిలోనూ ఒత్తిడి హార్మోను కార్టిసాల్ దాదాపు ఒకటే. కొత్త చోట వదలగానే కేవీలో అది ఎగబాకింది, గినీ పిగ్‌లో పెద్దగా పెరగలేదు. 2003లో అదే బృందం మరో సంగతి బయటపెట్టింది. సుమారు 30 తరాలుగా బోనుల్లోనే పుట్టి పెరిగిన కేవీలను, అడవి నుంచి తెచ్చిన కేవీల సంతతితో పోలిస్తే ప్రవర్తనలోగానీ హార్మోన్లలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బోను, వేళకు తిండి, రోజూ కనిపించే మనిషి ముఖం, ఇవేవీ ఒత్తిడి యంత్రాంగాన్ని కదపలేకపోయాయి. అది కదలాలంటే ఏ జంతువు పిల్లల్ని కనాలో, ఏది కనకూడదో ఎవరో ఒకరు తరతరాలుగా ఎంచుకుంటూ రావాలి.

ఒత్తిడి పాఠం మన తరగతి గదుల్లో సగమే చెబుతారు. కుక్క తరిమితే గుండె దడదడలాడటం, అడ్రినలిన్, ‘పోరాడు లేదా పారిపో’... అక్కడితో గంట కొట్టేస్తారు. కార్టిసాల్‌కి దక్కేది హార్మోన్ల పట్టికలో ఒక గడి. అడ్రినలిన్ సెకన్లలో వచ్చి నిమిషాల్లో పోతుంది. కార్టిసాల్ నిమిషాల మీద పెరిగి గంటలపాటు ఉంటుంది. రక్తంలోకి చక్కెర వదులుతుంది, రోగనిరోధక శక్తిని అదుపులో పెడుతుంది, ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే సంతానోత్పత్తిని కూడా వెనక్కి నెడుతుంది. ఈమధ్య దాన్ని విషంలా చూపించి ‘కార్టిసాల్ తగ్గించే చిట్కాలు’ అమ్ముతున్నారు గానీ, అది బొత్తిగా లేకపోతే మనిషి బతకడు.

దాని నడక అర్థం కావాలంటే మేడ మీద ఆటోమేటిక్ నీళ్ల ట్యాంకును తలుచుకోండి. ట్యాంకు రక్తం, నీళ్లు కార్టిసాల్. కింద మోటారు ఉంటుంది, అది మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల పైపొర. మోటారు దానంతటది తిరగదు. మెదడులోని హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోనుతో స్విచ్ వేస్తుంది. దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్‌ని రక్తంలోకి వదులుతుంది. మోటారుకి కరెంటు మోసుకెళ్లే తీగ ఇదే. ట్యాంకు నిండగానే ఫ్లోట్ పైకి లేచి మోటారును ఆపుతుంది. ఆ ఫ్లోట్ పని చేసేవి మెదడులోని కార్టిసాల్ గ్రాహకాలు. జ్ఞాపకాల పని చూసే హిప్పోక్యాంపస్ భాగంలో అవి బాగా ఎక్కువ.

ఇప్పుడు ఒక జంతువు ట్యాంకులో నీళ్లు తక్కువున్నాయంటే కారణం ఏదైనా కావచ్చు. మోటారు చిన్నది కావచ్చు. తీగలో కరెంటు తక్కువ కావచ్చు. ఫ్లోట్ తొందరగా లేస్తుండవచ్చు. లేదా స్విచ్ దగ్గరున్నవాడికి అసలు కంగారే పుట్టకపోవచ్చు. పెంపుడు జంతువులన్నిటిలో ఒకే చోట మార్పు వచ్చిందా? నన్ను బాగా పట్టి లాగే ప్రశ్న ఇది.

మోటారు సంగతి ముందు తెలిసింది. అమెరికాలో కర్ట్ రిక్టర్ ఎలుకలను కోసి చూసి, అడవి గోధుమరంగు ఎలుకతో పోలిస్తే ల్యాబ్ ఎలుకకు అడ్రినల్ గ్రంథులు బాగా చిన్నవని గమనించాడు. ఆ ల్యాబ్ ఎలుకలను సాధువుగా చేయాలని ఎవరూ పథకం వేయలేదు. చేతిలో కరవనిదే సంతానానికి మిగిలింది, అంతే.

పథకం వేసి చేసినవాడు సోవియట్ జన్యు శాస్త్రవేత్త ద్మిత్రీ బెల్యాయెవ్. ఆయన అన్న నికొలాయ్ కూడా జన్యు శాస్త్రవేత్తే, 1937లో స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. జన్యుశాస్త్రాన్ని తోసిపుచ్చిన లైసెంకో హవా నడుస్తూ జన్యుశాస్త్రం పేరెత్తడమే ప్రమాదమైన రోజుల్లో, 1959లో సైబీరియాలోని నోవోసిబిర్‌స్క్‌లో వెండి నక్కల మీద పని మొదలైంది. బెల్యాయెవ్ 1985లో చనిపోయాక ఆయనతో పనిచేసిన శాస్త్రవేత్త ల్యుద్మీలా త్రూత్ దాన్ని దశాబ్దాలపాటు నడిపించింది. రంగూ బొచ్చూ చూడకుండా, మనిషి చెయ్యి చాపితే కరవడానికి రానిదాన్నీ బెదరనిదాన్నీ మాత్రమే ఎంచారు. మగవాటిలో నూటికి నాలుగైదు, ఆడవాటిలో ఇరవై దాకా మాత్రమే తర్వాతి తరానికి తల్లిదండ్రులయ్యాయి. శిక్షణ ఇవ్వలేదు, మనుషులతో గడిపే సమయాన్ని కూడా కొలిచి కొలిచి ఇచ్చారు. తల్లి పాలతోనే గుణం వస్తుందనే నమ్మకం ఒకటి ఉంది కదా, దాన్ని కూడా పరీక్షించారు. సాధు నక్క పిండాన్ని కోపిష్ఠి నక్క గర్భంలో పెడితే, పుట్టిన పిల్ల కన్నతల్లిని కాక జన్యువులిచ్చిన తల్లినే పోలింది.

12 తరాలకు ఈ నక్కల్లో మామూలుగా ఉండే కార్టిసాల్ వర్గపు హార్మోన్లు, ఎంపిక చేయని నక్కలతో పోలిస్తే సగానికి కొంచెం పైన ఉన్నాయి. 28-30 తరాలకు అందులోనూ సగమయ్యాయి. గినీ పిగ్‌లో మామూలు మట్టం అలాగే ఉండి ఎగబాకడం మాత్రమే తగ్గిందని చెప్పాను కదా. నక్కలో ట్యాంకు అడుగు మట్టమే దిగిపోయింది.

ఇంతకంటే అందమైన సంగతి వయసులో ఉంది. నక్కపిల్లకు కళ్లు తెరిచీ తెరవగానే భయం ఉండదు. కనిపించినదాన్నల్లా వాసన చూస్తుంది, దగ్గరికి వెళుతుంది. మామూలు నక్కలో సుమారు ఆరు వారాలకు భయం మొదలవుతుంది. రెండు నుంచి నాలుగు నెలల మధ్య హార్మోన్లు బాగా పెరుగుతాయి, ఆ వయసులోనే కొత్తదాన్ని వెతుక్కుంటూ వెళ్లే గుణం పడిపోతుంది. అప్పటిదాకా పరిచయమైనవే ‘మనవాళ్లు’, ఆ తర్వాత ఎదురైనవన్నీ పరాయివి. సాధు నక్కల్లో భయం తొమ్మిది వారాలు దాటాక గానీ రాదు. పైగా అవి శబ్దానికి రెండు రోజులు ముందే స్పందిస్తాయి, కళ్లు ఒక రోజు ముందే తెరుస్తాయి. స్నేహానికి దొరికే గడువు అటూ ఇటూ సాగింది. ఈ నక్కలోనూ మోటారు, తీగ, ఫ్లోట్ అన్నీ ఉన్నాయి. కాకపోతే మోటారు ఆలస్యంగా బిగిసింది, ఆలోగా మనిషి ఇంటివాళ్ల జాబితాలోకి ఎక్కేశాడు. ఎంపికంతా ఈ గడువును సాగదీసే జన్యువుల మీదే పనిచేసిందని నా అభిప్రాయం.

మరి నక్కలో తేడా ఎక్కడ? తీగలో కరెంటే తక్కువ, అంటే ఏసీటీహెచ్ తక్కువ. ఆ హార్మోనును తయారుచేసే పీఓఎంసీ జన్యువు మందగించి ఉండాలని ఎవరైనా ఊహిస్తారు. 2018లో సాధు నక్కల, కోపిష్ఠి నక్కల పిట్యూటరీల్లో జన్యువుల పనితీరు పోల్చినప్పుడు, తేడాలు ఎక్కువగా తయారీ వైపు కాక, తయారైన సరుకును కణం బయటికి వదిలే యంత్రాంగం వైపు చూపించాయి.

ఇదే దారిలో వెనక నుంచి ముందుకు నడిచినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులో టామ్ పాటింజర్ రెయిన్‌బో ట్రౌట్ చేపలను ప్రవర్తన చూడకుండా, ఇరుకు నీళ్లలో బంధించినప్పుడు కార్టిసాల్ ఎంత పెరుగుతుందో చూసి మాత్రమే రెండు వంశాలుగా విడదీశాడు. తర్వాత రెండు వంశాల చేపలను జతగా ఒకే తొట్టిలో వదిలితే, ఎక్కువసార్లు పెత్తనం చేసింది తక్కువ కార్టిసాల్ చేపే. ప్రవర్తనను లాగితే హార్మోను వచ్చింది, హార్మోనును లాగితే ప్రవర్తన వచ్చింది. కాకపోతే వచ్చింది సాధు గుణం కాదు, దూకుడు. కాబట్టి కార్టిసాల్ తగ్గితే జంతువు మంచిదవుతుందని తేల్చేయకండి.

పెంపుడు జంతువుల్లో చెవులు వాలిపోవడం, తెల్లమచ్చలు రావడం, ముట్టె కురచ కావడం, వీటన్నిటినీ ఒత్తిడితో కలిపి కట్టే సిద్ధాంతం 2014లో వచ్చింది. పిండంలో న్యూరల్ క్రెస్ట్ అనే కణాలు వీపు వైపు నుంచి ఒళ్లంతా వలస వెళతాయి. చర్మపు రంగు కణాలు, దవడ ఎముక, అడ్రినల్ గ్రంథి లోపలి పొర వాటినుంచే వస్తాయి. ఆ వలస కాస్త మందగిస్తే మచ్చలూ వస్తాయి, భయమూ తగ్గుతుంది అన్నారు. వినడానికి బాగుంది. కానీ లోపలి పొర చేసేది అడ్రినలిన్‌ని. మన ట్యాంకు నింపే మోటారు పైపొర, అది వేరే కణాల నుంచి పుడుతుంది. దాని సంగతి చెప్పడానికి ఈ సిద్ధాంతం చుట్టుదారి పట్టాలి.

2019లో ఇంకో దెబ్బ తగిలింది. నోవోసిబిర్‌స్క్ నక్కల పూర్వీకులు అడవి నుంచి వచ్చినవి కావని, కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ బొచ్చు ఫారాల్లో అప్పటికే ఎన్నో తరాలు పెరిగినవని, మచ్చల్లాంటివి అక్కడే కనిపించాయని కొందరు పరిశోధకులు గుర్తుచేశారు. మచ్చల కథకు అది గట్టి దెబ్బే. కార్టిసాల్ కథకు మాత్రం తగలదు. పోలికకు పెట్టుకున్న నక్కలు కూడా ఆ ఫారాల సంతతే, బోనూ తిండీ అవే. రెండు గుంపుల మధ్య మారింది చెయ్యి చాపి చేసిన ఎంపిక ఒక్కటే.