అర చుట్టు ఖరీదు ఒక్క పాయింటేనా?

2022 ఫిబ్రవరి 10న బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ ఫిగర్ స్కేటర్ యుజురు హన్యూ తన ఫ్రీ స్కేట్‌ను (పోటీలో రెండోదైన పొడవాటి ప్రదర్శన) క్వాడ్ ఆక్సెల్‌తో మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఏ పోటీలోనూ ఎవరూ సరిగ్గా దిగలేకపోయిన జంప్ అది. గాల్లో నాలుగున్నర చుట్లు తిరిగి, వెనక్కి జారుతూ ఒంటికాలి మీద దిగాలి. హన్యూ తిరిగాడు, దిగాడు, కాలు నిలవలేదు, పడిపోయాడు. తర్వాతి జంప్ క్వాడ్ సాల్కోలో (క్వాడ్ అంటే నాలుగు చుట్ల జంప్) కూడా పడ్డాడు. అక్కడి నుంచి చివరిదాకా ఏమీ జరగనట్టే స్కేట్ చేశాడు. రెండు రోజుల ముందు షార్ట్ ప్రోగ్రామ్‌లో (పోటీలో మొదటిదైన చిన్న ప్రదర్శన) మంచు మీద ఉన్న గుంటలో బ్లేడు పడి ఒక జంప్ మొత్తం పోయింది కాబట్టి, అప్పటికే అతను ఎనిమిదో స్థానంలో ఉన్నాడు. చివరికి 283.21 పాయింట్లతో నాలుగో స్థానం దక్కింది.

పురుషుల ఫిగర్ స్కేటింగ్ చూసేవాళ్లు ఇద్దరు కలిస్తే ఇప్పటికీ ఈ జంప్ దగ్గరికే వస్తారు. అది వేయకుండా ఉంటే పతకం వచ్చేదా అన్నది మొదటి ప్రశ్న. లెక్క వేసి చూడొచ్చు. క్వాడ్ ఆక్సెల్ మూల విలువ, అంటే ఆ జంప్‌కు పట్టికలో ముందే రాసిపెట్టిన పాయింట్లు, 12.5. పావు చుట్టు కన్నా ఎక్కువ తగ్గిందని తేల్చారు కాబట్టి అందులో 80 శాతమే, అంటే 10 పాయింట్లు లెక్కలోకి వచ్చాయి. పడిపోతే జడ్జీలు నాణ్యతకు మైనస్ 5 ఇస్తారు, ఒక్కో మైనస్ పది శాతం, కాబట్టి సగం పోయి 5 మిగిలింది. పడినందుకు మొత్తం స్కోరులోంచి విడిగా ఇంకో పాయింటు కోస్తారు. చేతికి వచ్చింది 4. అదే చోట క్వాడ్ లూప్ వేసి, నాణ్యతకు ప్లస్ 3 వచ్చేలా దిగాడనుకుందాం (పోటీలో మొదటిసారి క్వాడ్ లూప్ దిగింది 2016లో హన్యూనే, కాబట్టి ఇది గాలి లెక్క కాదు). 10.5కు 3.15 కలిపితే 13.65. తేడా 9.65. కాంస్యం గెలిచిన షోమా ఉనో స్కోరు 293.00, అంటే హన్యూకు అతనికీ మధ్య దూరం 9.79. ఇంచుమించు మొత్తం దూరం ఆ ఒక్క జంప్‌లోనే ఉంది.

ఇంత నష్టం తెచ్చే జంప్ సరిగ్గా దిగితే ఎంత లాభం అన్నది రెండో ప్రశ్న. నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది ఇదే, ఎందుకంటే దీనికి జవాబు భౌతికశాస్త్రంలో ఒకలా, పాయింట్ల పట్టికలో ఇంకోలా ఉంటుంది.

ముందు జంప్ సంగతి. ఫిగర్ స్కేటింగ్‌లో ప్రధానమైన జంప్‌లు ఆరు: టో లూప్, సాల్కో, లూప్, ఫ్లిప్, లుట్జ్, ఆక్సెల్. మొదటి ఐదింటినీ వెనక్కి జారుతూ లేస్తారు, వెనక్కి జారుతూనే దిగుతారు. ఆక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ లేచే జంప్. దిగడం మాత్రం అందరిలాగే వెనక్కి. అందుకే దానికి ఎప్పుడూ అర చుట్టు ఎక్కువ. 1882లో వియన్నాలో జరిగిన పోటీలో దీన్ని మొదట చేసి చూపించిన నార్వే స్కేటర్ ఆక్సెల్ పాల్సెన్ పేరే దానికి ఉండిపోయింది.

మంచు వదిలాక స్కేటర్ చేతిలో కొత్తగా ఏమీ ఉండదు. గాల్లో తన్నడానికి నేల లేదు, పట్టుకోవడానికి ఆధారం లేదు. తిరిగే ఊపు ఎంత తెచ్చుకోవాలన్నా మంచు మీద ఉండగానే బ్లేడు అంచుతో తెచ్చుకోవాలి. గాల్లో చేయగలిగింది ఆ ఊపును ఎలా వాడుకోవాలన్నదే. చిన్నప్పుడు ఒప్పులకుప్ప తిరిగినవాళ్లకు ఇది ఒంటికే తెలుసు. చేతులు చాచి వెనక్కి వాలితే నెమ్మదిగా తిరుగుతాం, చేతులు మడిచి ఇద్దరూ దగ్గరైతే ఒక్కసారిగా వేగం పెరిగి కళ్లు తిరుగుతాయి. స్కేటర్ కూడా అంతే, చేతులు ఛాతీకి బిగించి, కాళ్లు పెనవేసి, ఒంటిని ఒక సన్నని కడ్డీలా చేసుకుంటాడు. బరువు మధ్య గీతకు ఎంత దగ్గరైతే అంత వేగం. కానీ ఒళ్లు సన్నబడటానికి ఒక హద్దు ఉంది, ఎముకల్ని అంతకన్నా దగ్గరికి నొక్కలేం. పైగా ఆ వేగంలో చేతులు బయటికి విసిరేసినట్టు లాగుతుంటాయి, వాటిని బిగించి ఉంచడానికే చాలా బలం కావాలి.

గాల్లో ఎంతసేపు ఉంటారు? మంచి క్వాడ్‌లో సుమారు 0.7 సెకను. రెప్ప రెండుసార్లు కొట్టేలోపు అయిపోతుంది. అంతసేపు ఉండాలంటే శరీరం దాదాపు 60 సెంటీమీటర్లు పైకి లేవాలి, ఇది స్కూల్లో చేసిన గురుత్వాకర్షణ లెక్కే. ఆ 0.7 సెకనులో నాలుగు చుట్లంటే నిమిషానికి 340 చుట్లకు పైమాట. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరిగే వేగం దాదాపు అంతే. అలా తిరుగుతున్న మనిషి, ఒక్క క్షణంలో చేతులు విప్పి, ఆ తిరుగుడు ఆపి, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న బ్లేడు మీద, తన బరువుకు ఐదారు రెట్ల దెబ్బను ఒక్క కాలితో తట్టుకుని, నవ్వుతూ చేతులు చాచి జారిపోవాలి. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మశక్యంగా అనిపించదు. (లేచే ముందే మంచు మీద కొంత తిరిగిపోతారు కాబట్టి గాల్లో అసలు తిరిగేది చెప్పే అంకె కన్నా కొంచెం తక్కువే. పోలిక కోసం పూర్తి చుట్లే లెక్కేస్తున్నాను.)

ఇప్పుడు దీనికి అర చుట్టు కలపండి. వేగం పెంచకుండా తిరగాలంటే గాల్లో 12.5 శాతం ఎక్కువసేపు ఉండాలి. వినడానికి చిన్నదే. కానీ ఎత్తు సమయపు వర్గంతో పెరుగుతుంది, కాబట్టి 27 శాతం దాకా ఎక్కువ ఎత్తుకు లేవాలి, 60 సెంటీమీటర్లు కాస్తా 76 అవుతుంది. ఎత్తు పెంచనంటారా, అప్పుడు వేగాన్ని నిమిషానికి 385 దాటించాలి, అదీ అప్పటికే హద్దు దాకా బిగించిన ఒంటితో. ట్రిపుల్ నుంచి క్వాడ్‌కు వెళ్లేటప్పుడు ఎత్తు పెద్దగా పెరగదనీ, స్కేటర్లు ప్రధానంగా తిరిగే వేగం మీదే ఆధారపడతారనీ జంప్‌లను కొలిచి చూసినవాళ్లు చెప్పారు. అంటే వేగం అనే ఆస్తిని క్వాడ్ దగ్గరే దాదాపు మొత్తం ఖర్చుపెట్టేశారు. ఆ పైన ఇంకో అర చుట్టు కోసం వెతుక్కోవాలి.

మరి పట్టిక ఏమంటోంది? డబుల్ లుట్జ్ 2.1, డబుల్ ఆక్సెల్ 3.3. ట్రిపుల్ లుట్జ్ 5.9, ట్రిపుల్ ఆక్సెల్ 8.0. క్వాడ్ లుట్జ్ 11.5, క్వాడ్ ఆక్సెల్ 12.5. లుట్జ్ నుంచి ఆక్సెల్‌కు మారితే డబుల్స్‌లో 57 శాతం, ట్రిపుల్స్‌లో 36 శాతం ఎక్కువ, క్వాడ్స్‌లో తొమ్మిది శాతం కూడా లేదు. శరీరానికి అర చుట్టు ఖరీదు పైకి వెళ్లేకొద్దీ పెరుగుతోంది, పట్టికలో తగ్గుతోంది. నేను దీన్ని తప్పనే అంటాను. ట్రిపుల్స్‌లో ఆ అర చుట్టుకు 2.1 ఇచ్చినవాళ్లు క్వాడ్స్‌లో 1.0 ఇవ్వడానికి ఏ శాస్త్రీయ కారణమూ నాకు కనబడదు.

ఈ అంకెల వెనక పెద్ద కథే ఉంది. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో రష్యా స్కేటర్ ఎవ్‌గెని ప్లుషెంకో క్వాడ్ వేశాడు, అమెరికా స్కేటర్ ఇవాన్ లైసాచెక్ ఒక్క క్వాడ్ కూడా వేయలేదు. స్వర్ణం లైసాచెక్‌దే, 257.67కు 256.36. తేడా 1.31. లైసాచెక్ ఎక్కువ జంప్‌లను ప్రోగ్రామ్ రెండో సగంలో పెట్టుకున్నాడు, అలసిన కాళ్లతో వేసే జంప్‌కు అప్పటి నిబంధనలు పది శాతం అదనం ఇచ్చేవి. ఆ ఫలితం మీద గొడవ చాలా కాలం నడిచింది. అదే ఏడాది క్వాడ్ల విలువ పెంచారు, చుట్టు కొంచెం తగ్గితే క్వాడ్‌ను ఏకంగా ట్రిపుల్‌గా లెక్కించే పద్ధతిని కూడా సడలించారు. ఇక అబ్బాయిలు క్వాడ్లు నేర్చుకోవడం మొదలుపెట్టారు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ వచ్చేసరికి అమెరికా స్కేటర్ నేథన్ చెన్ ఒకే ఫ్రీ స్కేట్‌లో ఆరు క్వాడ్లు వేశాడు. కండరాలు ఎనిమిదేళ్లలో మారిపోవు, ధరలు మారాయి, ధర ఎటుంటే శ్రమ అటు వెళ్లింది.

అప్పుడు ఇంకో సమస్య వచ్చింది. క్వాడ్ లుట్జ్ విలువ అప్పట్లో 13.6. పడితే 4 పోయేది, కోతతో కలిపి చూసినా 8.6 మిగిలేది. శుభ్రంగా దిగిన ట్రిపుల్ లుట్జ్ విలువ 6.0. పడినవాడికి ఎక్కువ, నిలబడినవాడికి తక్కువ. 2018లో దీన్ని సరిచేశారు. క్వాడ్ల విలువలు తగ్గించి, నాణ్యత మార్కులను మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా విస్తరించారు. ఇప్పుడు పడిన క్వాడ్ లుట్జ్‌కు మిగిలేది 4.75, మంచి ట్రిపుల్ కన్నా తక్కువే. ఈ మార్పు న్యాయమైనదే, దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ అదే ఊపులో 15 పాయింట్లున్న క్వాడ్ ఆక్సెల్‌ను కూడా 12.5కు దించేశారు, అప్పటికి దాన్ని సరిగ్గా దిగినవాళ్లు ఒక్కరు కూడా లేరు.

చుట్టు పూర్తయిందా లేదా అన్న గొడవ వేరే. పావు చుట్టు తగ్గితే ఒక గుర్తు, పావు దాటితే ఇంకో గుర్తు, సగం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే మూడోది. సగం తగ్గిన క్వాడ్‌కు ట్రిపుల్ విలువే ఇస్తారు. 2021 డిసెంబరులో జపాన్ జాతీయ పోటీల్లో హన్యూ వేసిన క్వాడ్ ఆక్సెల్‌కు జరిగింది అదే. దీన్ని తేల్చేది జడ్జీలు కాదు, ముగ్గురు సభ్యుల టెక్నికల్ ప్యానెల్, రీప్లే చూసి. నిమిషానికి 340 చుట్ల వేగంలో పావు చుట్టుకు పట్టే సమయం 0.044 సెకను. సెకనుకు 25 ఫ్రేములు తీసే వీడియోలో ఒక్క ఫ్రేము 0.04 సెకను. దిగే వేళకు చేతులు విప్పుతారు కాబట్టి వేగం కొంత తగ్గుతుంది, అయినా పావు చుట్టు అంటే ఫ్రేముల్లో ఒకటో రెండో. పైగా బ్లేడు కెమెరాకు ఎదురుగా ఉందా పక్కగా ఉందా అన్నదాన్ని బట్టి అదే కోణం ఎక్కువగానో తక్కువగానో కనిపిస్తుంది. ఇద్దరు స్కేటర్లు రింక్‌లో వేర్వేరు మూలల్లో ఒకే రకంగా దిగినా ఒకరికి గుర్తు పడి, ఇంకొకరికి పడకపోవచ్చు. ఫ్యాన్స్ పక్షపాతం అని అరిచే చాలా సందర్భాల్లో నాకు కనిపించేది కెమెరా చాలకపోవడమే. నాలుగు వైపులా హై స్పీడ్ కెమెరాలు పెడితే ఈ తగాదాల్లో సగం ఉండవు.

ఈ జంప్‌ల పేర్లు మనకు మరీ దూరమైనవి కావు. చక్రాల మీద చేసే ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లోనూ ఇవే ఆక్సెల్, లుట్జ్, సాల్కో. హైదరాబాద్ స్కేటర్ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యాలు తెచ్చింది ఆ ఆటలోనే. బ్లేడు బూటు కన్నా బరువైన చక్రాల బూటుతో అవి తిరగడం ఎంత కష్టమో ఆలోచించండి.

క్వాడ్ ఆక్సెల్ దగ్గరికి మళ్లీ వస్తాను. బీజింగ్‌కు వెళ్లే అమెరికా జట్టులో చోటు దొరకని ఒక కుర్రాడు ఉన్నాడు, ఇలియా మాలినిన్. ఆ ఏడాది వాళ్ల జాతీయ పోటీల్లో రెండో స్థానంలో వచ్చినా అనుభవం ఉన్నవాళ్లను పంపారు. అమ్మా నాన్నా ఇద్దరూ ఉజ్బెకిస్తాన్ తరఫున ఒలింపిక్స్‌లో స్కేట్ చేసినవాళ్లు. ఈ జంప్‌కు తనకు స్ఫూర్తి హన్యూనే అని అతనే చెప్పాడు. 2022 సెప్టెంబరు 14న న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో, 17 ఏళ్ల వయసులో, అతను క్వాడ్ ఆక్సెల్ వేసి దిగాడు. 2024లో మాంట్రియల్ ప్రపంచ పోటీల్లో దానితో కలిపి ఆరు క్వాడ్లు వేసి ఫ్రీ స్కేట్‌కు 227.79 పాయింట్లు తెచ్చుకున్నాడు, అది అప్పటికి ప్రపంచ రికార్డు.

పోటీ అయ్యాక ప్రతి స్కేటర్‌కూ ఒక మార్కుల కాగితం ఇస్తారు, ఒక్కో జంప్‌కు ఒక్కో వరస. బీజింగ్‌లో హన్యూ కాగితంలో మొదటి వరసలో క్వాడ్ ఆక్సెల్ అని ఉంటుంది, పక్కన చుట్టు తగ్గిందని చెప్పే చిన్న బాణపు మొన గుర్తు, దాని పక్కన 10.00. ఏడు నెలల తర్వాత లేక్ ప్లాసిడ్‌లో మాలినిన్ కాగితంలోనూ అదే జంప్ పేరు ఉంది. ఆ చిన్న గుర్తు లేదు, పక్కన 12.50 ఉంది.